భూమికి మనము పడిన నీటి బాకీ

ఉగాదినాడు పంచాంగము వింటూ, ఈ యేడు వాన ఎన్ని కుంచములని అడుగుట మన వాడుక. ఆ వానలో భూమిలోకి దిగునది ఎంత అని అడిగేవారు అరుదు. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి సీమల కథ అంతా ఈ రెండవ ప్రశ్నలోనే ఉన్నది.

నంది కొండల ప్రాంతమున పినాకిని, పాపఘ్ని, చిత్రావతి పుట్టినవి. అయినను ఈ సీమలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. అందుచేత మన పూర్వులు ఒక చెరువు అలుగు నీరు మరొక చెరువుకు చేరునట్లు గొలుసుగా చెరువులు కట్టించారు. చెరువు నిండితే దిగువనున్న కపిల బావులలో నీరు ఊరేది. తోడినది తోడగా, వాన మరల నింపేది.

బోరుబావులు వచ్చిన తరువాత ఈ లెక్క తప్పినది. ఇక్కడ నేల క్రింద గట్టి రాయి. నీరు నిలుచునది పైనున్న మెత్తబడిన రాతిలోను, లోపలి బీటలలోను మాత్రమే. అది ఇంకిపోగా వెయ్యి అడుగులు దాటి తవ్విన ఊళ్ళున్నవి. ఆ లోతు నీటితో ఫ్లోరైడు వచ్చి, పిల్లల పళ్ళు గారపట్టినవి.

తీయుటే గాని పోయుట లేకపోతే ఏమగునో చమురు తవ్వేవారు ముందే నేర్చుకున్నారు. చమురు తీసిన కొద్దీ పొరలో ఒత్తిడి తగ్గి, ఊట మందగించును. అమెరికాలో పెన్సిల్వేనియా బావులలోకి పై పొరల నీరు తనంతట దిగగా, పొరుగు బావులలో చమురు పెరిగినది. నీటితో చమురును రాబట్టవచ్చునని జాన్ కార్ల్ అను శాస్త్రజ్ఞుడు 1880లో సూచించాడు. చట్టము ఒప్పక చాటుగా సాగిన ఆ పనికి 1921లో అనుమతి లభించినది. మన దేశమున ముంబయి హై క్షేత్రములోను ఈ పద్ధతి నడుచుచున్నది.

మన సీమకు ఆ పాఠము ఆలస్యముగా వచ్చినది. బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి చెరువులకు పంపు కోరమంగల–చల్లఘట్ట లోయ పథకము 2018లో కోలారు జిల్లాలో మొదలై, చింతామణి వైపును తన లెక్కలో చేర్చుకున్నది. దాని లక్ష్యము రోజుకు 44 కోట్ల లీటర్లు. హెబ్బాళ–నాగవార లోయ పథకము 21 కోట్ల లీటర్ల లక్ష్యముతో చిక్కబళ్ళాపురం వైపు వచ్చినది. చెరువులు నిండినవి, ఎండిన బోర్లు పలికిన ఊళ్ళున్నవి. కాని 2018లో లక్ష్మీసాగరం చెరువున నురుగు కనబడగా, తగవు న్యాయస్థానములకెక్కినది. మూడవ దశ శుద్ధి కూడా చేయవలెనని రైతులు అడుగుతూ వచ్చారు.

వారి కోరిక న్యాయమైనది. చమురు పొరలో పోసిన నీరు చమురును నెట్టుటకు మాత్రమే. పైకి వచ్చినపుడు దానిని వేరుచేస్తారు. చెరువులో దింపిన నీటినో, మన అక్కచెల్లెళ్ళు బిందెలతో పట్టుకొని త్రాగవలెను. బాకీ తీర్చుట ఎంత ముఖ్యమో, చెల్లని నాణెముతో తీర్చకుండుట అంత ముఖ్యము.

దూరదేశమున నుండి మనము ఊరికి డబ్బు పంపునపుడు, ఇంకొక బోరు వేయించుటకు ముందు చెరువుకు వచ్చు కాలువ పూడిక తీసినారా అని ఒక్కమాట అడుగుదము. ఈ కొత్త సంవత్సరము మన చెరువుల అలుగులు పారించుగాక!