గాజింట్లో మైసూరు తీగ
పశ్చిమ కనుమల అడవుల్లో తేనెపిట్టలను రప్పించే తీగ థన్‌బెర్జియా మైసోరెన్సిస్. పేరులో మొదటి మాట స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ పీటర్ థన్‌బర్గ్‌ది, రెండోది మైసూరుది. ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది కానీ, గడ్డకట్టే చలికి తట్టుకోలేదు. అందుకే బ్రిటన్‌లో దీన్ని గాజు ఇళ్లలో పెంచుతారు. చలికాలం రాత్రుల్లోనూ లోపల 10 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా వేడి పెడతారు.

నిజానికి వేడి కంటే ఎత్తే పెద్ద సమస్య. పసుపు గొట్టానికి ఎరుపు-గోధుమ రంగు రేకులున్న ఈ పూలు పొడవాటి గొలుసుల్లా కిందికి వేలాడతాయి. గోడకు పాకిస్తే ఆ అందం సగం పోయినట్టే. కప్పు కింద వైర్లు బిగించి పందిరిలా అల్లించాలి, గొలుసుల కింద మనిషి నడిచేంత చోటు వదలాలి. తీగ సుమారు 6 మీటర్లు పాకుతుంది. చిన్న గ్రీన్‌హౌస్ ఉన్నవారు దీని జోలికి పోకపోవడమే మంచిది.

వేసవిలో నీళ్లు ధారాళంగా పోయాలి, మధ్యాహ్నపు ఎండ నేరుగా పడనివ్వకూడదు. చలికాలంలో నీరు తగ్గించాలి, అలాగని మట్టిని పూర్తిగా ఎండనివ్వకూడదు. హీటర్ వేడికి గాలి పొడిబారితే ఎర్రనల్లి పడుతుంది. దాన్ని ఆకు పైన కాదు, అడుగున వెతకాలి. నేల మీద నీళ్లు చల్లి గాలిలో తేమ పెంచడం పాత పద్ధతే అయినా బాగా పనిచేస్తుంది. తెల్లదోమ, పొలుసు పురుగుల మీదా కన్నేసి ఉంచాలి. కొమ్మల కత్తిరింపు మాత్రం పూత ముగిశాకే.

హైదరాబాద్‌లో దీనికి గాజు కప్పు అక్కర్లేదు. ఇక్కడ కాపాడుకోవాల్సింది మే నెల వడగాలి నుంచి.