మోటారు లైసెన్సు మీది తప్పుల లెక్క

కాజీపేట యనగానే ఎవరికైనను ముందుగా స్ఫురించునది రైలు. 1929లో బల్హార్షా వైపు మార్గము పూర్తి యగుటతో ఢిల్లీ మద్రాసు నగరములను కలుపు దారి ఈ ఊరిమీదుగా ఏర్పడినది. ఇంజను డ్రైవర్లును, గార్డులును, షెడ్డు పనివారును కాపురములుండు ఊరుగా కాజీపేట పెరిగినది. కావున రోడ్డుమీద మోటారు నడుపువాని తప్పులను లెక్కించు పద్ధతినిగూర్చి చెప్పబూని, రైలుకట్టనుండి ఆరంభించుట ఇచ్చటి శ్రోతలకు వింతగా తోచదు.

పందొమ్మిదవ శతాబ్దమున అమెరికా రైల్వేలలో ఇంజను డ్రైవరు తప్పు చేసినచో కొన్ని దినములు పనినుండి నిలిపివేయుట ఆచారము. ఆ దినములకు జీతముండదు. తప్పు చేసినవాడొకడు, పస్తులుండువారు ఇంటిల్లిపాది. 1880ల దశకమున న్యూయార్కు రాష్ట్రములోని ఫాల్ బ్రూక్ రైల్వేలో సూపరింటెండెంటుగా నుండిన జార్జి బ్రౌన్ అను నతడు ఈ ఆచారమును మార్చెను. పని ఆపుటలేదు, జీతము కోయుటలేదు. తప్పును పుస్తకమున వ్రాసి దానికి కొన్ని మార్కులు వేయుదురు. కొంతకాలము ఏ తప్పును లేక నడుచుకొన్నచో ఆ మార్కులను కొట్టివేయుదురు. మార్కులు హద్దు మీరినచో ఉద్యోగమే పోవును. ఈ పద్ధతి ఉత్తర అమెరికా రైల్వేలలో వ్యాపించినది. కెనడాలో ఆ హద్దు అరువది మార్కులు.

రోడ్డు లైసెన్సుమీది పాయింట్లకు ఇదియే తల్లియని నేననుట లేదు. కాని పోలికను గమనింపుడు. తప్పు బరువునుబట్టి అంకె, మంచి నడవడిచే ఆ అంకె చెరగిపోవుట, ఒక గీత దాటినంతనే వేటు: నేటి పెనాల్టీ పాయింట్ల పద్ధతిలో నున్నవియు ఈ మూడే.

మన ప్రాంతమున రైలుకును రోడ్డుకును మొదటినుండియు చుట్టరికమున్నది. నైజాము రాజ్యమున ప్రభుత్వ బస్సులను నడిపినది రైల్వే శాఖయే. 1932 జూన్ 15న ఇరువదియేడు బస్సులతోను, నూట అరువదియారుగురు సిబ్బందితోను ఆ రోడ్డు రవాణా విభాగము ప్రారంభమైనది. 1951 నవంబరు 1న అది రాష్ట్ర ప్రభుత్వమున లీనమై, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యేర్పడుటకు పునాది యైనది. ఆ తొలినాళ్ల బస్సు డ్రైవరు రైల్వే ఉద్యోగి. అతని తప్పును వ్రాసికొనుటకు ఒక యజమాని, ఒక కచేరి ఉండెను. సొంత కారు నడుపువానికిని, అద్దెబండి తోలువానికిని అట్టి యజమాని ఎవడు? ఎవడును లేడు. వాని నడవడికి మిగిలిన సాక్ష్యమొక్కటే, వాని చేతిలోని లైసెన్సు కాగితము.

ఆ కాగితముమీదనే తప్పును వ్రాయవలెనన్న ఆలోచన ఇంగ్లండులో 1903 నాటి మోటారు కారు చట్టముతో వచ్చినది. 1904 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన ఆ చట్టము ప్రకారము, వయస్సు చాలినవాడు ఐదు షిల్లింగులు చెల్లించినచో లైసెన్సు లభించెడిది. పరీక్ష యనునది లేనే లేదు! గంటకు ఇరువది మైళ్లను మించి పోరాదు. నేరము రుజువైనచో న్యాయస్థానము ఆ సంగతిని లైసెన్సు మీదనే వ్రాయింపవచ్చును. నడుపుట తెలియునో తెలియదో అడుగకయే అనుమతి నిచ్చి, తప్పు జరిగిన పిదప మాత్రము చెరగని సిరాతో వ్రాయుట ఆనాటి తీరు.

మన దేశమున 1914లో మోటారు వాహనముల చట్టము చేయబడినది. అది బ్రిటిష్ ఇండియాకు చేసినది గనుక నైజాము రాజ్యమున నేరుగా చెల్లలేదు. తరువాత 1939 చట్టము, దాని స్థానమున 1988 చట్టము వచ్చినవి. ఈ రెంటిలోను లైసెన్సు మీద దోషమును వ్రాయు విధి కలదు. దానినే కచేరి భాషలో ఎండార్సుమెంటు అందురు. ఇది కేవలము మచ్చ గాదు, గడువుగల మచ్చ. 1988 చట్టము ఇరువదియైదవ సెక్షను చెప్పినది వినుడు. ఎండార్సుమెంటు పడిన పిదప మూడేండ్లు ఎడతెగక మరియొకటి పడకుండ నడుచుకొన్నవాడు పాత లైసెన్సును అప్పగించి, మచ్చలేని క్రొత్త లైసెన్సును పొందుటకు హక్కుగలవాడగును. నేరము వేగపరిమితిని దాటుట మాత్రమే యైనచో ఒక్క యేడు చాలును. అట్లని మధ్యకాలమున లైసెన్సు పోయినదనియో చినిగినదనియో క్రొత్తది తీసికొని తప్పించుకొన వీలులేదు. పాత మచ్చ క్రొత్త కాగితమునకును ఎక్కును.

ఇంత చక్కని యేర్పాటుండగా మన డ్రైవర్లలో పదిమందిని నిలిపి అడిగినను ఎండార్సుమెంటు పడిన లైసెన్సును చూచినవాడు ఒక్కడైన దొరకుట అరుదు. మనవారు తప్పులు చేయకపోవుటచే గాదు సుమా. దీనికి కారణము అదే చట్టములోని రెండువందలవ సెక్షనులో నున్నది. చిన్న నేరములను న్యాయస్థానమునకు పోకుండ, రుసుము పుచ్చుకొని అక్కడికక్కడే పరిష్కరించు అధికారము దానివలన లభించినది. రుసుము చెల్లించినచో తదుపరి చర్య యేదియు నుండదు. చర్య లేనప్పుడు శిక్ష లేదు, శిక్ష లేనప్పుడు లైసెన్సుమీద వ్రాత లేదు. కావున ఏడాదిలో ఇరువదిసార్లు చలాను చెల్లించినవానికిని, ఒక్కసారియు చెల్లించనివానికిని లైసెన్సు ఒకే తీరున తెల్లగా నుండెడిది. తొందరగా తేలిపోవుట అందరికిని సుఖమే, న్యాయస్థానములకు సైతము. దానికి మనము చెల్లించిన వెల జ్ఞాపకశక్తి. 2019 సవరణ చట్టము ఈ లోపమును కొంత పూడ్చినది. రుసుముతో పరిష్కరించిన నేరమైనను, అదే నేరము మరల చేసినప్పుడు మొదటి తప్పుగనే లెక్కకు వచ్చునని అందు చేర్చిరి.

ఇంగ్లండువారికి వచ్చిన చిక్కు వేరు. 1962లో వారు మూడేండ్లలో మూడు ఎండార్సుమెంట్లు పడినచో లైసెన్సు రద్దు చేయవలెనని నిర్ణయించిరి. లెక్క సులభమే, కాని తూకము లేదు. కొద్దిపాటి అధిక వేగమున కొక్కటి, ప్రాణాపాయము తెచ్చు నిర్లక్ష్యమునకు నొక్కటి. బియ్యమును బంగారమును ఒకే కుంచముతో కొలిచినట్లున్నదని చెప్పవచ్చును. అందుచే 1982 నవంబరు నుండి పెనాల్టీ పాయింట్లను ప్రవేశపెట్టి, తప్పు గురుత్వమునుబట్టి అంకెలు వేసిరి. మూడేండ్లలో పండ్రెండు చేరినచో సాధారణముగా కనీసము ఆరు నెలలు బండి నడుపరాదు.

అప్పటికే పశ్చిమ జర్మనీ ఈ మార్గమున నున్నది. ఫ్లెన్స్‌బర్గు పట్టణమున 1958 నుండి దేశమంతటి డ్రైవర్ల తప్పులకు ఒకే చిట్టా నడచుచుండెను. 1974లో దానికి పాయింట్లు తోడైనవి. అచ్చట పదునెనిమిది హద్దుగా నుండినది, 2014 సంస్కరణతో ఎనిమిది యైనది. హద్దు తగ్గెనని భయపడనక్కరలేదు. తప్పులకు వేయు అంకెలనుగూడ మార్చిరి. ఈ సందర్భమున ఒక సంగతి గుర్తుంచుకొనదగినది. ఇంగ్లండున సున్నతో మొదలై అంకె పెరుగును, ఫ్రాన్సున నిండు ముంతతో మొదలై తరుగును. కావున విదేశమున బండి నడుపు మన పిల్లలు “నాకు ఎనిమిది పాయింట్లున్నవి” అని వ్రాసినచో సంతోషింపవలయునో దిగులుపడవలయునో, ఏ దేశమునుండి వ్రాసిరో చూచినగాని తెలియదు.

ఫ్రాన్సు కథలో గొడవయు గలదు. 1992 జూలై 1న అచ్చట పాయింట్ల లైసెన్సు అమలులోనికి రాగానే లారీ డ్రైవర్లు తమ బండ్లను అడ్డముపెట్టి దేశములోని రహదారులను స్తంభింపజేసిరి. తీరికవేళ షికారు తిరుగు కారువానికిని, ఏడాది పొడవున రాత్రింబవళ్లు రోడ్డుమీద నుండు తమకును ఒకే హద్దు పెట్టుట అన్యాయమని వారి వాదము. కారువానికి లైసెన్సు పోయినచో కాలినడక, లారీవానికి పోయినచో అన్నము. మొదట ఆరుగా నుండిన పాయింట్లను ఆ యేడే పండ్రెండుకు పెంచిరి. ఆ వాదమును అల్లరి యని త్రోసివేయుట నాకు సమ్మతము గాదు. దానికి పూర్తి సమాధానము ఏ దేశమును నేటికి చెప్పలేదు.

తెలంగాణమున ఈ పద్ధతి 2017 ఆగస్టు 1న హైదరాబాదు నగర ప్రాంతమున ఆరంభింపబడినది. ఆనాటి పట్టికలో శిరస్త్రాణము లేకున్న ఒకటి, సీటుబెల్టు లేకున్న ఒకటి, ఆటోలో డ్రైవరు ప్రక్కన అదనముగా మనుషులను ఎక్కించుకొన్న ఒకటి, ఎదురుదారిన వచ్చిన రెండు. త్రాగి నడిపినచో ద్విచక్రవాహనమునకు మూడు, కారు లారీ వంటివానికి నాలుగు, ప్రయాణికులను మోయు బస్సు ఆటోలకు ఐదు. ఇరువదినాలుగు నెలలలో పండ్రెండు చేరినచో ఒక యేడు లైసెన్సు నిలిపివేత.

ఈ పట్టికను కాజీపేట జంక్షనునుండి హన్మకొండ చౌరస్తాకు ఆటో తోలు ఒకనికి అన్వయించి చూతము. కళాశాలకు పోవు పిల్లలు రైలు దిగి తొందరపడుచుందురు, ఒకనిని ముందు సీటున కూర్చుండబెట్టుకొనును. ఒక పాయింటు. ఇట్లు రెండు నెలల కొకమారు పట్టుబడినను, రెండేండ్లు నిండు వేళకు పండ్రెండు. మరియొకడు కారులో మూడుమార్లు త్రాగి పట్టుబడినను పండ్రెండే. ఇద్దరికిని ఒకే శిక్ష యగునా? కాగితముమీద నగును. ఆచరణలో త్రాగినవాడు న్యాయస్థానమున నిలువవలసివచ్చును గనుక వాని కష్టము ఎక్కువ. ఐనను ఆటోవాడు పగలంతయు పోలీసువారి కండ్లయెదుట నుండువాడు, పట్టుబడు అవకాశము వానికే అధికము. తప్పును తూచు త్రాసు సరియైనదే కావచ్చును, ఆ త్రాసు దగ్గరకు ఎవరెన్నిమార్లు పోవుదురన్నది గూడ చూడవలసియున్నది.

పాయింట్లు కాలముతో రాలిపోవు విధమును పలువురు తప్పుగా గ్రహింతురు. జనవరి వచ్చినంతనే అన్నియు తుడిచిపెట్టుకొనిపోవునని కొందరి నమ్మకము. అట్లు గాదు. ఏ తప్పుకు ఆ తప్పు తన తేదీనుండి లెక్క. 2018 మార్చిలో పడినది 2020 మార్చి వరకు నిలుచును, 2019 డిసెంబరులో పడినది అప్పటికింకను బాల్యావస్థలోనే యుండును.

ఇంతకన్న పెద్ద చిక్కు మరియొకటి గలదు. కెమెరా చూచునది బండి నంబరును, పాయింటు పడవలసినది మనిషికి. బండి తండ్రిది, నడిపినది కొడుకు. లారీ యజమానిది, నడిపినది జీతగాడు. ఫొటోతో వచ్చిన చలాను యజమానిని వెదకికొని పోవును. ఎదుట నిలిపి లైసెన్సు చూచినప్పుడే తప్పు నిజముగా తప్పుచేసినవాని ఖాతాకు చేరును. ఈ కారణముననే చలానులు లక్షలుగా పెరిగినను లైసెన్సు లెక్క వెనుకబడినది. చలాను కేవలము డబ్బు సంగతి గనుక దానికి తగ్గింపులును వచ్చినవి. 2022 మార్చిలో తెలంగాణ పోలీసువారు పేరుకొనిపోయిన చలానులపై ద్విచక్రవాహనములకు నూటికి డెబ్బదియైదు, 2023 డిసెంబరులో ఎనుబది వంతులు మినహాయించిరి. బాకీ వసూలైనది, మంచిదే. వేచియున్నవానికి లాభము, వెంటనే చెల్లించినవానికి పరిహాసము!

కాబట్టి తన లెక్క తెలిసికొనగోరువాడు రెండు చిట్టాలను వేరువేరుగా చూడవలెను. బండి నంబరుపై ఈ-చలానులను చూచుట ఒకటి. లైసెన్సు సంఖ్య, పుట్టినతేదీ ఇచ్చి, కేంద్ర రవాణా శాఖవారి పరివాహన్ జాలమున లైసెన్సు స్థితిని చూచుట రెండవది. చెల్లుబాటులో నున్నదా, నిలిపివేయబడినదా అన్నది అందు తెలియును. మొదటి చిట్టా శుభ్రముగా నున్నంతమాత్రమున రెండవది అట్లే యుండునని అనుకొనరాదు. బండిని అమ్మినవారు మరింత జాగ్రత్త వహింపవలెను. అదే రాష్ట్రములో అమ్మినచో పదునాలుగు దినములలో ఆ సంగతిని రవాణా అధికారికి తెలుపవలెనని చట్టము. తెలుపనివారికి, కొన్నవాడు కాజీపేట వంతెన దిగుచు చేసిన తప్పులన్నియు తమ పేర వచ్చుచుండును.

లైసెన్సును నిలిపివేయు అధికారము రవాణా అధికారికి చట్టము పంతొమ్మిదవ సెక్షను వలన గలదు. వినతి వినకుండ ఆ పని చేయరాదు. తన మాట చెప్పుకొను అవకాశమిచ్చి, కారణములను వ్రాతపూర్వకముగా తెలిపిన పిదపనే ఆజ్ఞ వెలువడవలెను. ఆ ఆజ్ఞ సరిగాదని తోచినవాడు అది చేతికందిన ముప్పది దినములలో పై అధికారికి అప్పీలు చేసికొనవచ్చును. అప్పీలు వేసినంతమాత్రమున బండి నడుపవచ్చునని మాత్రము తలంపరాదు. పై అధికారి వేరుగా ఆజ్ఞాపించిననే తప్ప నిలిపివేత అమలులోనే యుండును.