మల కాలుష్య మూలాన్వేషణ: ఉష్ణమండల నగర జలాలు

నీటిలో చేరిన మలం మనిషిదా, పశువుదా, పక్షిదా అన్నది సూక్ష్మజీవుల జాడతో తేల్చే పద్ధతి మల కాలుష్య మూలాన్వేషణ. మామూలు నీటి పరీక్ష ఒక అంకెతో ఆగిపోతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కన స్నానానికి వాడే నీటిలో 100 మిల్లీలీటర్లకు మల కోలిఫారాలు 500 లోపు ఉండాలి, 2,500 దాటకూడదు. దాటితే మలం కలిసిందని అర్థం. ఎవరిదో ఆ అంకె చెప్పదు. వేడి దేశాల్లో అది చెప్పే మొదటి మాటనూ అనుమానించాల్సిందే.

ఈ అనుమానం బలపడిన చోట్లలో హవాయి ఒకటి. 1885లో థియోడర్ ఎషెరిక్ గుర్తించిన ఇ. కోలై మల కోలిఫారాల్లో ముఖ్యమైనది. అది పేగుల్లో ఉండే జీవి, బయట ఎక్కువకాలం బతకదు అన్న నమ్మకం మీదే ఇలాంటి ప్రమాణాలు నిలిచాయి. హవాయిలోని ఓహు ద్వీపంలో మురుగు కలవని వాగుల్లోనూ అది విస్తారంగా దొరికింది. వెచ్చగా, తడిగా ఉండే అక్కడి మట్టిలోనే ఇ. కోలై, మరో మల సూచిక బ్యాక్టీరియా ఎంటెరోకోకై స్థిరపడ్డాయనీ, వాన పడితే వాగులోకి కొట్టుకొస్తున్నాయనీ పరిశోధకుడు రోజర్ ఫుజియోకా బృందం చూపింది. దాంతో మురుగులో పుష్కలంగా ఉండి, పారే నీటిలో వృద్ధి చెందని క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాను హవాయి అదనపు ఆనవాలుగా ఎంచుకుంది.

అలాగని వాగులు సురక్షితం అనుకోకూడదు. ఓహు మీది హొనొలులు నగర కొండల మీద అడవి పందులు, ఊళ్లో కుక్కలు, పిల్లులు, కోళ్లు. వాటి మలం మనోవా వాగు గుండా అలా వై కాలువకు చేరగలదు. రోగాలు తెచ్చే బ్యాక్టీరియాల్లో పక్షుల రెట్టలో కాంపిలోబ్యాక్టర్, చాలా జంతువుల పేగుల్లో సాల్మొనెల్లా ఉంటాయి. ఎలుక జ్వరం తెచ్చే లెప్టోస్పైరా తీరే వేరు: అది మూత్రంతో వస్తుంది, కాబట్టి మల సూచికలు దాన్ని పట్టలేవు. మనిషి మురుగు ముప్పూ తక్కువేం కాదు. 2006 మార్చిలో భారీ వానల మధ్య వైకికీలో మురుగు గొట్టం పగిలి, సుమారు 18 కోట్ల లీటర్లు అలా వైలోకి వదిలారు.

జాడ తీయడానికి ఇప్పుడు ఎక్కువగా వాడేది బ్యాక్టీరాయిడేలిస్ అనే బ్యాక్టీరియా వర్గం. ఇవి గాలి సోకితే నిలవవు, బయట వృద్ధి చెందవు. పైగా ఒక్కో జంతువు పేగుకు ఒక్కో రకం అలవాటు పడింది. నీటిని పొర గుండా వడకట్టి, దానిమీద నిలిచిన బ్యాక్టీరియా నుంచి డీఎన్ఏను తీసి, ఆ డీఎన్ఏను పెంచి గుర్తించే పీసీఆర్ పద్ధతితో ఆయా రకాల జన్యు గుర్తులు వెతుకుతారు. మనుషుల గుర్తుల్లో పేరొందినది 2000లో అమెరికా పరిశోధకులు బెర్న్‌హార్డ్, ఫీల్డ్ ప్రకటించిన హెచ్‌ఎఫ్183.

మనుషులూ జంతువులూ ఒకే వాకిట్లో మెలిగే చోట ఈ గుర్తులు తడబడతాయి. మనిషిదన్న గుర్తు కోడి పెంటలోనో కుక్క మలంలోనో దొరకవచ్చు. ఆవు గుర్తు గేదె పేడకూ స్పందించవచ్చు. అందుకే ఒడిశాలో గ్రామాల నీటిని పరీక్షించే ముందు స్థానిక మల నమూనాలతో ఈ గుర్తులను సరిచూశారు. విదేశీ గుర్తును తెచ్చి నేరుగా ఇక్కడి నాలాకు అంటగట్టడం కొలత కాదు, ఊహ.

హైదరాబాద్ దిగువన ఈ చిక్కు మరీ ముదురుతుంది. మూసీ నది మురుగునీటితో పారాగడ్డి పెంచి గేదెలకు మేపుతారు. అక్కడ మనిషి మలం, పేడ ఒకే నీటిలో కలిసే అవకాశం ఎక్కువ కనుక, ఒక్క గుర్తుతో తేలదు. రెండిటినీ ఒకే నమూనాలో, వానకు ముందూ వెనకా కొలవాలి.