అంబాసిడర్‌కు దాయాది

పాత స్పోర్ట్సు కారు ఉన్నవాణ్ణి జనం రెండే ప్రశ్నలడుగుతారు. ఎంత వేగం పోతుంది? రోజూ నడుస్తుందా? మొదటిదానికి జవాబు చిన్నది. గంటకు నూరు మైళ్ళు దాటుతుందని పుస్తకాల్లో ఉంది, నేనెన్నడూ దాటించలేదు. రెండోదానికి జవాబు చెప్పాలంటే మాత్రం కొంత చరిత్ర చెప్పాలి. పదకొండేళ్ళుగా అవుననీ కాదనీ దాటవేస్తూ వచ్చాను. మొన్న శీతాకాలంలో ఆ ప్రశ్నకు నాకు నేనే జవాబు చెప్పుకోవలసిన అవసరం వచ్చింది.

బండి ఎంజీబీ. నాది 1972 నాటి జీటీ, అంటే కదలని పైకప్పున్న రకం. నేనుండే ఇంగ్లండులో ఇది అపురూపమేమీ కాదు, ఎండ కాసిన ఆదివారం నాడు ఒకటో రెండో ఎదురుపడతాయి. హైదరాబాదు, విజయవాడ వీధుల్లో ఎంజీ అక్షరాలతో తిరిగే ఎత్తైన బళ్ళను చూసి అదే వంశమనుకోకూడదు. ఆ పేరు 2005లో చైనా సంస్థ చేతికి వెళ్ళింది; 2019 నుంచి ఆ ముద్రతో మన దేశంలోనూ కార్లు అమ్ముతున్నారు. పేరు దత్తతకు వెళ్ళిందంటే సరిపోతుంది.

అసలు ఎంజీకి పుట్టిల్లు ఆక్స్‌ఫర్డు. కార్ల తయారీదారు విలియం మోరిస్‌కు అక్కడ మోరిస్ గరాజెస్ అని ఒక దుకాణం ఉండేది. దాని మేనేజరు సెసిల్ కింబర్ 1920లలో మోరిస్ వారి మామూలు కార్లను తీసుకుని, వాటికి అందమైన ఒళ్ళు తొడిగి, కాస్త వేగం నేర్పి అమ్మనారంభించాడు. ఎం, జీ ఆ దుకాణం పేరులోని పొడి అక్షరాలే. వ్యాపారం పెరిగి 1929లో దగ్గరలోని ఆబింగ్డన్ అనే చిన్న ఊరికి మారింది. అక్కడే యాభై ఏళ్ళు నడిచింది.

ఈ పుట్టుకలోనే నా జవాబు సగం ఉంది. ఇటలీ వారి గొప్ప స్పోర్ట్సు కార్లకు ఇంజను మొదలుకొని గడియారం దాకా ప్రత్యేకంగా చేయించిన సామాను. ఎంజీకి అంతా సంసారుల కార్లలోని సామానే. లోపల గుమాస్తా, పైన రాజకుమారుడి వేషం. గుమాస్తా కనుకనే రోజూ పనికి వెళ్ళగలడు.

* * *

ఆ గుమాస్తాను మన తెలుగువాళ్ళందరూ ఎరుగుదురు. 1952లో ఆస్టిన్, మోరిస్ సంస్థలు కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అయ్యాయి. ఆస్టిన్ వారి చేతిలో రూపుదిద్దుకున్నది బీ సిరీస్ అనే నాలుగు సిలిండర్ల ఇంజను. కొత్త సంస్థ దాన్ని ఎక్కడ పడితే అక్కడ వాడుకుంది, కొన్ని బళ్ళలో 1489 సీసీ, కొన్నిట్లో 1622, చివరికి 1798. మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడో రకం కారులో ఉన్నది 1489 సీసీది. ఆ కారు ముద్రలే కలకత్తా దగ్గరి ఉత్తరపారాకు వచ్చి హిందుస్థాన్ అంబాసిడర్‌కు రూపమిచ్చాయి. 1959 నుంచి దాని బానెట్ కింద ఉన్నది ఈ ఇంజనే. 2014లో ఆగిపోయేదాకా అంబాసిడర్ మనకు కలెక్టరు గారి బండి, పెళ్ళివారి బండి, ఆసుపత్రికి పరుగెత్తిన టాక్సీ. ఆ ఇంజనునే 1798 సీసీకి పెంచి, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు తగిలిస్తే ఎంజీబీ.

బండి కొన్న మొదటి రోజున బానెట్ ఎత్తి ఇంజను నడుస్తుండగా విన్నాను. టాపెట్ల టిక్‌టిక్ శబ్దం. ఎక్కడో విన్నట్టుంది. ఒక్క నిమిషం తర్వాత తెలిసింది: తెనాలిలో మా పెదనాన్నగారి అంబాసిడర్. వేసవి సెలవుల్లో తెల్లవారుజామున వాకిట్లో ఆ చప్పుడు వినబడితే ఆయన క్యాంపు బయలుదేరుతున్నారని అర్థం. ఐదువేల మైళ్ళు వచ్చి, స్పోర్ట్సు కారు అనుకుని, పెదనాన్నగారి బండికి దాయాదిని కొన్నానన్నమాట.

* * *

ఎంజీబీ 1962లో వచ్చింది. సిడ్ ఎనెవర్ పర్యవేక్షణలో డాన్ హేటర్ దాని రూపం గీశాడు. అంతకు ముందరి ఎంజీఏకు విడిగా ఇనుప చట్రం, దాని మీద ఒళ్ళు ఉండేవి. ఎంజీబీకి చట్రం తీసేశారు. రేకునే మడతలు పెట్టి, పెట్టెలుగా అతికి, ఒంటినే చట్రం చేశారు. దానివల్ల లోపల చోటు పెరిగింది, పొడుగు మనిషి కూడా కాళ్ళు చాపుకోగలిగాడు, డిక్కీలో సూటుకేసు పట్టింది, తలుపులకు ఎక్కించే దించే అద్దాలు వచ్చాయి. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు. 1965లో పైకప్పుతో జీటీ వచ్చింది. ఆ పైకప్పు తీర్చడంలో ఇటలీ వారి పినిన్‌ఫరీనా చెయ్యి ఉంది. దాని వెనక తలుపు మొత్తం పైకి లేస్తుంది. బియ్యం బస్తా, కుర్చీ, మడిచిన సైకిలు అన్నిటినీ మోశాను.

గట్టిదనానికి ఒక్క కథ. 1963లో లెమాన్ 24 గంటల పందెంలో ఒక ఎంజీబీ ఆదిలోనే ఇసుక దిబ్బలో కూరుకుపోయింది. డ్రైవరు గంటకు పైగా తవ్వి బయటికి తీశాడు. అంత ఆలస్యమైనా ఆ బండి పందెం పూర్తిచేసి 12వ స్థానంలో నిలిచింది.

ఇక రోజువారీ సంగతి. మొదటి మూడేళ్ళు ఇదే నా ఏకైక వాహనం. ఆఫీసుకు రానూపోనూ ముప్ఫై మైళ్ళు. లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు ఇచ్చింది. జాతీయ రహదారి మీద డెబ్భై మైళ్ళ వేగంలో ఇంజను నిమిషానికి 3900 చుట్లు తిరుగుతూ గోలపెడుతుంది. ఓవర్‌డ్రైవ్ మీట నొక్కితే 3200కి దిగి, మాట్లాడుకోవడానికి వీలవుతుంది. ప్రతి ఆదివారం ఇంజను నూనె, నీళ్ళు, కార్బురేటర్ల నెత్తిన ఉన్న చిన్న గొట్టాల్లో పలుచని నూనె చూడాలి. మూడువేల మైళ్ళకొకసారి కింద దూరి ముందు చక్రాల కీళ్ళకు గ్రీజు పట్టించాలి. ఇది చెయ్యనివాడికి ఈ బండి పనికిరాదు. చేసేవాడికి ఇది భారం కాదు, ఆవుకు కుడితి పెట్టడం లాంటిది.

ఆ మూడేళ్ళలో నన్ను దారిలో నిలబెట్టింది మూడుసార్లు. ఒకసారి పెట్రోలు పంపు మొరాయించింది. వెనక చక్రం పక్కన ఉండే ఆ విద్యుత్ పంపును స్పానరుతో రెండు దెబ్బలు కొడితే లోపల అతుక్కున్న పాయింట్లు విడివడి పనిచేస్తుంది. అలాగే కొట్టి ఇల్లు చేరాను. ఒకసారి క్లచ్చి నూనె కారిపోయింది. మూడోది విచిత్రం. డిస్ట్రిబ్యూటర్‌లో మార్చిన కొత్త కండెన్సర్ నెల తిరక్కుండానే చచ్చింది. పెట్టెలో పారేసిన పాత కండెన్సర్‌ను తిరిగి బిగిస్తే బండి నడిచింది. పాత కార్లవాళ్ళ అసలు బాధ పాత సామాను కాదు, పాతదాని వేషం వేసుకుని వచ్చే నాసిరకం కొత్త సామాను.

కాలమూ ఊరుకోలేదు. బ్రిటనులో 2000 మొదట్లో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగింది. వాల్వులు దబదబా మూసుకునే చోట పాత ఇనుముకు సీసమే మెత్త. అది లేకపోతే వాల్వు కూర్చునే గట్టు అరిగిపోతుంది. అందుకని సిలిండరు తల విప్పి గట్టి ఉక్కు వలయాలు వేయించుకోవలసి వచ్చింది. నా బండికి పాత యజమాని ఎవరో వేయించారు. 2021లో మామూలు పెట్రోలులో పదిశాతం దాకా ఇథనాల్ కలిపారు. అది పాత రబ్బరు గొట్టాలను తింటుంది. కనుక గొట్టాలు మార్చాను, ఖరీదైన రకం పెట్రోలు పోస్తున్నాను. ప్రభుత్వం వైపు నుంచి దయ కూడా ఉంది. నలభై ఏళ్ళు దాటిన బండికి రహదారి పన్ను లేదు. 2018 మే నుంచి ఏటేటా తనిఖీ కూడా తప్పనిసరి కాదు.

ఇన్నిటికీ తట్టుకున్న నా రోజువారీ ప్రయాణం మా అమ్మాయి పుట్టగానే ఆగిపోయింది. జీటీ వెనక సీటు పేరుకే సీటు. పసిపిల్ల కుర్చీ అందులో భద్రంగా అమరదు. గుద్దుకుంటే ఉబ్బే సంచులు లేవు, బ్రేకు పట్టేస్తే జారకుండా ఆపే ఏర్పాటు లేదు. బానెట్ కింద ఎంత నమ్మకమైన ఇంజనున్నా, పిల్లను కూర్చోబెట్టలేని బండిని రోజువారీ బండి అనడం అబద్ధం. మరో కారు కొన్నాను. ఎంజీబీ వారానికొకసారి బయటికి వచ్చే చుట్టమైంది.

* * *

మొన్నటి శీతాకాలం. చట్టం అడగకపోయినా నేను ఏటా తనిఖీకి తీసుకువెళతాను. అక్కడి మెకానిక్కు తలుపు కింది గడప దగ్గర స్క్రూడ్రైవరు నొక్కితే అది పిడిదాకా లోపలికి పోయింది.

ఇంట్లో గడపకు చెద పడితే గడప మార్చుకుంటాం. చట్రం లేని బండిలో గడపే వెన్నెముక. బయటికి కనిపించే రేకు వెనక మరో రెండు పొరలు ఉంటాయి, మూడూ కలిసిన పెట్టె వల్లే బండి నడుం వంగకుండా నిలుస్తుంది. ఇంగ్లండులో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు పెట్టెలోకి దూరి లోపలినుంచి తింటుంది. 1962లో ఏ కట్టడం ఈ బండిని సుఖవంతం చేసిందో, అదే కట్టడం దాని మరణకారణం కూడా. రెండు వైపులా బాగుచేయించడానికి అడిగిన డబ్బు బండి విలువలో సగం పైమాటే. అమ్మేయమన్నారు మిత్రులు. తుక్కుకిస్తే పీడా పోతుందన్నారు ఇంట్లో. నేను వారం రోజులు ఆలోచించాను.

ఆ వారంలో నాకు స్ఫురించిన సంగతి ఇది. ఆబింగ్డన్‌లో 1979 సెప్టెంబరులో ఊరంతా కర్మాగారం యాభయ్యో పుట్టినరోజు జరుపుకుంది. ఆ పండుగ ముగిసీ ముగియకముందే మూసివేత ప్రకటన వెలువడింది. 1980 అక్టోబరులో తలుపులు మూశారు. అప్పటికి ఐదు లక్షలకు పైగా ఎంజీబీలు తయారయ్యాయి. మామూలుగా కథ అక్కడ ముగియాలి. కానీ రేకులు నొక్కే అచ్చులు పూర్తిగా తుక్కుకు పోలేదు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ వాటిని ఏరి తెచ్చి, 1988లో సరికొత్త ఎంజీబీ ఒళ్ళను తిరిగి తయారు చేయనారంభించింది. బండి చచ్చిన ఎనిమిదేళ్ళకు దాని వెన్నెముక మళ్ళీ పుట్టింది. దాని ఆధారంగానే రోవర్ వారు 1990లలో ఆర్‌వీ8 అని సుమారు రెండువేల కార్లు చేస్తే, అందులో అధికభాగం జపాను వెళ్ళాయి. ఇవాళ గడప మూడు పొరలూ విడివిడిగా కొనుక్కోవచ్చు. ప్రతి మరకూ, ప్రతి వాషరుకూ అంకె ఉన్న జాబితా ఉంది.

ఎంజీబీ రోజువారీకి పనికొస్తోందంటే అది 1962 నాటి గీతల గొప్పతనం ఒక్కటే కాదు. మూతపడ్డ తర్వాత తెలిసినదాన్ని రాసిపెట్టినవాళ్ళు, అచ్చులు దాచినవాళ్ళు, ఏ పేరూ రాకుండా వాషర్లు చేస్తున్నవాళ్ళు, వీళ్ళ పుణ్యం.

మరి దాయాది సంగతి? తెనాలిలో పెదనాన్నగారి బండిని చూసిన షెడ్డు మేస్త్రిగారు ఎన్నడూ పుస్తకం తెరవలేదు. స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు, పిడిని చెవికి ఆనించి, ఏ టాపెట్ వదులో చెప్పేవారు. అర–తొమ్మిది పదహార్ల స్పానరు అడిగితే అందించడం నా పని. నేనేదైనా అడిగితే, "చూడు బాబూ, చెబితే రాదు" అనేవారు. ఆయన పోయారు. ఆ షెడ్డు ఉన్నచోట ఇప్పుడు మందుల దుకాణం ఉంది. పెదనాన్నగారి బండి తుక్కు బేరగాడి లారీ ఎక్కింది. అదే ఇంజను, అంతకన్నా నిపుణుడైన వైద్యుడు. కానీ ఆ వైద్యం ఆయన చేతుల్లోనే ఉండి ఆయనతోనే వెళ్ళిపోయింది. అడిగి రాసుకోవలసింది నేను. రాసుకోలేదు.

గడపలు మార్పించాను. డబ్బు లెక్కన అది తెలివైన పని కాదు.

బండి ఇంటికి వచ్చిన ఆదివారం టాపెట్లు సర్దుతుంటే మా అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. తొమ్మిదో ఏడు పడబోతోంది, ఇప్పుడు ముందు సీట్లో ఎత్తుపీట వేసుకుని కూర్చోగలదు. "నాన్నా, ఇది రోజూ ఎందుకు నడపవు?" అంది. స్క్రూడ్రైవరు పిడిని దాని చెవికి ఆనించి, ఏ సిలిండరు దగ్గర చప్పుడు ఎక్కువో చెప్పమన్నాను. కాసేపు విని "మూడోది" అంది. నిజంగా మూడోదే. ఒక నోటుపుస్తకం తెచ్చి తేదీ వేసి రాయించాను.