సాని, గుణి: గంజాంలో రెండు మాటల చరిత్ర

ఒక వృత్తికి పెట్టిన పేరు తిట్టుగా ఎలా మారిందో తెలుసుకుంటే, ఆ వృత్తిలో బతికినవారి చరిత్ర సగం తెలిసినట్లే. గంజాం, బరంపురం సీమల నాట్యకత్తెల విషయంలో ఇది మరీ నిజం. వారిని తెలుగువారు సానులన్నారు, ఒడియావారు గుణులన్నారు. రెండూ గౌరవవాచకాలుగా పుట్టిన మాటలే.

స్వామిని శబ్దానికి తద్భవం సాని. దొరసానిలో ఉన్నదీ ఈ సానే. మధ్యయుగపు తీరాంధ్ర శాసనాల్లో గుడిసానులు ఆలయ సేవికలుగానే కాక, సొంత ధనంతో దానాలు చేసిన దాతలుగానూ కనిపిస్తారు. ఇక గుణి అన్న మాట గుణం నుంచి, అంటే ఆటపాటల నేర్పు నుంచి వచ్చిందని ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చయిన తన కులాల గ్రంథంలో రాశాడు. అక్కడే ఆ మాటకు వేశ్య అన్న అర్థాన్నీ జోడించాడు. నేర్పూ నిందా ఒకే పద్దులో చేరిపోయిన కాలమది.

అప్పటికి గంజాం మద్రాసు రాజధానిలోని ఉత్తరపు కొస జిల్లా. శ్రీకాకుళం ప్రాంతమూ అందులోదే. మద్రాసులో సంస్కర్తలు 1893లో మేజువాణీలకు పెద్దలు హాజరు కారాదని వైస్రాయికీ, గవర్నరుకూ మహజరు సమర్పించారు. రాజమండ్రిలో కందుకూరి అంతకు ముందే ఈ పోరు మొదలుపెట్టారు. వారి ఉద్దేశాన్ని మనం శంకించనక్కరలేదు. పసిపిల్లలను దేవుడి పేరిట అర్పించడాన్ని ఎవరూ సమర్థించలేరు. కాని ఆ వాదంలో ఆచారాన్నీ, ఆ ఆచారానికి లోనైన మనిషినీ వేరుచేసి చూసినవారు తక్కువ. 1892లో విజయనగరంలో ప్రదర్శితమైన కన్యాశుల్కంలో మధురవాణిని సృష్టించిన గురజాడ ఆ కొద్దిమందిలో ఒకరు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. బరంపురం అటు పోయింది, ఇచ్ఛాపురం ఇటు మిగిలింది. 1947లో మద్రాసు శాసనసభ దేవదాసీ అర్పణను నిషేధించినప్పుడు ఆ చట్టం ఇచ్ఛాపురానికి వర్తించింది, పొరుగునే ఉన్న బరంపురానికి వర్తించలేదు. పూరీ ఆలయంలో మహరీల సేవ ఆ తరువాతా సాగింది. వారిలో చివరివారిగా పేరున్న శశిమణి దేవి 2015లో కన్నుమూశారు. చట్టం సరిహద్దు దగ్గర ఆగింది గాని, అవమానం ఆగలేదు. ఇటువైపు సాని అన్న మాట వినలేని స్థితి వచ్చి, కులం కళావంతులుగా, సూర్యబలిజగా పేరు మార్చుకుంది.

కళను కోరి కళాకారిణిని కాదనడం మన ఒక్కరి గుణమే కాదు. న్యూయార్క్‌లోని హార్లెంలో 1923లో వెలసిన కాటన్ క్లబ్బులో ఆడిపాడేవారు నల్లవారు, కూర్చుని చూసేవారు తెల్లవారు. పారిస్ నెత్తిన పెట్టుకున్న నల్లజాతి నర్తకి జోసెఫిన్ బేకర్‌కు 1951లో సొంత దేశపు స్టార్క్ క్లబ్బులో భోజనం వడ్డించకుండా కూర్చోబెట్టారు. ఆమె ఊరుకోలేదు, బహిరంగంగా నిలదీసింది. మన సానులకు ఆ అవకాశమైనా దక్కలేదు.

వారు కాపాడిన క్షేత్రయ్య పదాలూ, జావళీలూ నేడు సభల్లో గౌరవంగా వినబడుతున్నాయి. జయదేవుని అష్టపదులు తెలుగు కళావంతులూ పాడారు, ఒడియా మహరీలూ పాడారు. పాట నిలిచింది, పాడినవారి వారసులు మాత్రం తమ అవ్వ పేరు చెప్పడానికి సంకోచిస్తున్నారు.

అందుచేత మా మనవి ఒకటే. నిఘంటువులు కూర్చేవారు సాని అన్న ఆరోపానికి మొదట నాయకురాలు అన్న అర్థం రాయాలి, ఆ తరువాతే మిగిలినవి. గంజాం సీమలో పరిశోధన చేసే విద్యార్థులు రెండు భాషల్లోనూ ఆ పాటలను సేకరించాలి. ఎవరింటి గుట్టూ బయటపెట్టనక్కరలేదు. నేర్పును నేర్పుగా నమోదు చేస్తే చాలు. గుణి అన్న మాట మొదట చెప్పినదీ అదే.