నది దాటిన విద్య: థాయ్‌లాండ్-మయన్మార్ సరిహద్దులో తల్లుల ఆరోగ్యం, సమాజాల ఉమ్మడి కృషి

సారాంశం

థాయ్‌లాండ్-మయన్మార్ సరిహద్దు కొండల్లో యుద్ధం వల్ల ఊళ్ళు విడిచిన స్త్రీలకు కాన్పు వైద్యం అందించడానికి స్థానిక సమాజాలు కలిసి చేసిన కృషిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 2005-2008 మధ్య నాలుగు జాతుల ఆరోగ్య సంస్థలు నడిపిన ‘మామ్’ పథకం దీనికి ప్రధాన ఆధారం. గర్భిణిని ఆస్పత్రికి చేర్చే దారి లేనిచోట, ప్రాణం కాపాడే విద్యను ఆమె పక్కింటి స్త్రీకి నేర్పడమే నమ్మదగిన మార్గమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

నేపథ్యం

మొయి నదికి ఒక ఒడ్డున థాయ్‌లాండ్‌లోని మే సోట్ పట్టణం, రెండో ఒడ్డున మయన్మార్‌లోని మ్యావడి ఉన్నాయి. తూర్పు మయన్మార్‌లో కరెన్, కరెన్ని, షాన్, మోన్ ప్రాంతాలు దశాబ్దాలుగా సైన్యానికీ సాయుధ దళాలకూ మధ్య నలిగిపోయాయి. కాన్పు అడ్డం తిరిగితే అక్కడి స్త్రీ మందుపాతరలున్న బాటల్లో, పొంగిన వాగుల మీదుగా ప్రయాణించాలి. నది దాటినా, పత్రాలు లేనివారికి పోలీసుల భయం తప్పదు. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం గంటల్లోనే ప్రాణం తీస్తుంది. అంత దూరం నడిచే వ్యవధి ఆమెకు ఉండదు. రక్తస్రావానికి తోడు గుర్రపువాతం, సూతికా జ్వరం, అరక్షిత గర్భస్రావం, మలేరియా ఈ ప్రాంతపు తల్లుల్ని పొట్టనపెట్టుకుంటూ వచ్చాయి.

ఈ మరణాల్ని ఆపవచ్చని చూపిన తొలి ప్రయత్నాల్లో ఒకటి 1986లో శోక్లో శరణార్థి శిబిరంలో మొదలైంది. అక్కడి మలేరియా పరిశోధన కేంద్రం గర్భిణులకు వారం వారం రక్తపరీక్ష చేసి, క్రిములు కనిపించగానే మందు ఇచ్చింది. జ్వరం వచ్చేదాకా ఆగకపోవడమే ఈ పద్ధతిలోని కీలకం. మలేరియా వల్ల సంభవించే మాతృ మరణాలు శిబిరాల్లో బాగా తగ్గాయి.

1988 ప్రజా ఉద్యమాన్ని సైన్యం అణచివేశాక, కరెన్ వైద్యురాలు సింథియా మాంగ్ సరిహద్దు దాటి వచ్చి 1989లో మే సోట్‌లో మే తావ్ క్లినిక్ ప్రారంభించారు. మొదట్లో అన్నం వండే కుక్కర్‌లోనే పరికరాలను శుద్ధి చేసేవారు. ఆ క్లినిక్ కాలక్రమంలో వైద్యశాలగానే కాక, సరిహద్దు ఆవలి ఆరోగ్య కార్యకర్తలకు పాఠశాలగానూ ఎదిగింది. సింథియాకు 2002లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

మూడంచెల అల్లిక

‘మామ్’ పథకాన్ని షాన్, మోన్, కరెన్, కరెన్ని ఆరోగ్య సంస్థలు కలిసి నడిపాయి. ఇందులో మూడు అంచెలు ఉన్నాయి. పై అంచెలోని మాతృ ఆరోగ్య కార్యకర్తలు మే తావ్‌లో నెలల తరబడి శిక్షణ పొంది స్వస్థలాలకు తిరిగి వెళ్ళారు. అత్యవసర ప్రసూతి చికిత్స, రక్తమార్పిడి, ప్రసవ పూర్వ సంరక్షణ, కుటుంబ నియంత్రణ వారి శిక్షణలో భాగాలు. వారు తమ ప్రాంతంలోని ఆరోగ్య కార్యకర్తలకూ, మంత్రసానులకూ నేర్పారు. వీరిలో డాక్టర్లు లేరు. ఆస్పత్రి గోడల మధ్య మాత్రమే జరగాలని భావించే పనుల్లో కొన్నింటిని ఊరివాళ్ళే ఊళ్ళో చేశారు.

ఫలితాలు

పథకానికి ముందు 2,889 మంది, 2008లో 2,442 మంది స్త్రీలను సర్వే చేశారు. ప్రసవ పూర్వ సంరక్షణ పొందినవారు 39.3 శాతం నుంచి 71.8 శాతానికి పెరిగారు. మలేరియా పరీక్ష 21.9 నుంచి 55.9 శాతానికి, నులిపురుగుల మందు 4.1 నుంచి 58.2 శాతానికి చేరాయి. ఆధునిక గర్భనిరోధక పద్ధతులు పాటించేవారు 23.9 నుంచి 45 శాతానికి పెరిగారు. అన్నిటికంటే గమనించదగ్గది కాన్పు వేళ జరిగిన మార్పు. ప్రమాదాన్ని ఎదుర్కొనే శిక్షణ ఉన్న మనిషి పక్కనుండగా జరిగిన కాన్పులు 5.1 శాతం నుంచి 48.7 శాతానికి చేరాయి.

ఎందుకు సాధ్యమైంది?

మొదటి కారణం, ఈ కార్యకర్తలు జనంతో పాటే కదిలారు. దాడి జరిగి ఊరు అడవిలోకి తరలితే కట్టిన ఆస్పత్రి వెనకే ఉండిపోతుంది. కార్యకర్త మాత్రం మందుల సంచితో సహా ఊరివాళ్ళ వెంట నడుస్తుంది. రెండోది, మంత్రసానిని పక్కకు నెట్టలేదు. గర్భిణి మొదట నమ్మేది ఆమెనే కాబట్టి, ప్రమాద చిహ్నాలు గుర్తించి పై అంచెకు కబురు పంపే బాధ్యత ఆమెకు గౌరవంగా అప్పగించారు. మూడోది, నాలుగు జాతులు, వేర్వేరు భాషలు ఉన్నా ఒకే శిక్షణ, ఒకే ప్రశ్నావళి పెట్టుకున్నారు. అందువల్ల ఒకరి అనుభవం మరొకరికి అక్కరకొచ్చింది.

ఈ ఫలితాలకు హద్దులు కూడా ఉన్నాయి. పథకం లేని ఊళ్ళతో పోలిక లేదు. స్త్రీలు గుర్తుచేసుకుని చెప్పిన సమాధానాలే ఆధారం. సేవలు ఎంతమందికి అందాయో కొలిచారు గాని, ఎన్ని మరణాలు తప్పాయో కొలవలేదు. అయినా శిక్షణ ఉన్నవారి చేతుల్లో జరిగిన కాన్పులు తొమ్మిది రెట్లకు పైగా పెరగడాన్ని తేలిగ్గా తీసుకోలేం.

మనకు దగ్గరి పోలిక

ఆంధ్ర-ఒడిశా సరిహద్దు మన్యంలో గర్భిణుల్ని డోలీలో మోసుకొచ్చే వార్తలు ఇప్పటికీ చదువుతున్నాం. భద్రాచలం ఆస్పత్రికి ఛత్తీస్‌గఢ్, ఒడిశా గ్రామాల నుంచి కూడా కాన్పుల కోసం వస్తారు. ఇక్కడ యుద్ధ తీవ్రత ఆ స్థాయిది కాదు, రాజ్యం లేకుండా పోలేదు. కాబట్టి రోడ్డు, అంబులెన్సు ఇవ్వకుండా తప్పించుకోవడానికి మొయి తీరపు అనుభవాన్ని సాకుగా వాడకూడదు. రోడ్డు పడేదాకా గిరిజన గూడెంలోని ఆశా కార్యకర్తకు, మంత్రసానికి ఇంకెంత విద్య అప్పగించవచ్చో ఆలోచించడానికి మాత్రం అది తోడ్పడుతుంది. రాష్ట్రాల ఎల్లకు రెండు వైపులా పనిచేసే కార్యకర్తలు కలిసి శిక్షణ పొందితే, ఒకే రికార్డు నిర్వహిస్తే గర్భిణి వివరాలు ఆమె కంటే ముందే ఆస్పత్రికి చేరతాయి.

ముగింపు

2021 ఫిబ్రవరి సైనిక కుట్ర తర్వాత మయన్మార్‌లో పోరు మళ్ళీ రాజుకుంది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపగానే సరిహద్దు శిబిరాల్లో ఆ సాయంపై నడిచే ఆస్పత్రులు మూతపడ్డాయి. దాత చేయి వెనక్కి తీసుకుంటే మందులు, జీతాలు ఆగుతాయి. నేర్చిన విద్య ఆగదు గాని, మందు లేని చేతులతో అది ఎంతో కాలం ప్రాణాలు నిలపలేదు. అందుకే సమాజ భాగస్వామ్యం పేరుతో ఈ స్త్రీల శ్రమను ఉచితంగా వాడుకోవడం అన్యాయం. వారి శిక్షణకు రెండు దేశాల్లోనూ గుర్తింపు, పనికి తగిన వేతనం, తెగని మందుల సరఫరా కావాలి. సరిహద్దు స్త్రీల ఆరోగ్యానికి ఖర్చుపెట్టే ఏ ప్రభుత్వమైనా, ఏ దాతైనా ముందుగా రాయాల్సిన పద్దులు ఈ మూడే.