పడుకోకూడని గది

ఇంగ్లండులో సొంతిల్లు ఉండి, పెరట్లో ఒక చెక్కగది వేయించుకుందాం అనుకునే మనిషి ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: 1948 జూలై 1న ఆ ఇల్లు ఎలా ఉండేది? ఆ రోజున ఉన్న ఇంటినే అక్కడి చట్టం ‘అసలు ఇల్లు’ అంటుంది. ఆ తర్వాత కట్టిన ఇల్లయితే మొదట కట్టినప్పటి రూపమే అసలు. అసలు ఇల్లు పోను మిగిలిన స్థలంలో సగానికి మించి గదులూ షెడ్లూ వెయ్యకూడదు. ముప్పావు శతాబ్దం దాటిపోయినా ఆ తేదీ ఇవాళ్టి మేస్త్రీ టేపులో ఇంకా బతికే ఉంది.

అంతకు ముందు ఏం జరిగేదో తెలిస్తే తప్ప ఆ తేదీకి అంత బలం ఎందుకొచ్చిందో అర్థం కాదు.

1870ల నుంచి అమెరికా గోధుమలు చవగ్గా వచ్చిపడటంతో ఇంగ్లండు సేద్యం దెబ్బతింది. ఎసెక్స్‌లో దున్నడానికి మొండికేసే బంకమట్టి నేలలకు అసలు గిరాకీయే లేకుండా పోయింది. ఆ పొలాలను వ్యాపారులు కొని, చిన్న చిన్న ముక్కలు చేసి అమ్మకానికి పెట్టారు. కొనేవాళ్ళను లండన్ నుంచి రైల్లో తీసుకొచ్చి, భోజనం పెట్టి, మందు పోసి మరీ వేలం వేసేవారు. ఈస్ట్ ఎండ్ ఇరుకు సందుల్లో అద్దెకుంటున్న మామూలు మనుషులు కొన్ని పౌన్లతో ఒక ముక్క కొనుక్కుని, ఆదివారాలు సామాను మోసుకొచ్చి సొంత చేతులతో గుడిసె వేసుకున్నారు. కొందరు గుడారంతో మొదలుపెట్టారు. కొందరు రైల్వేవాళ్ళు తీసిపారేసిన పాత పెట్టెలు తెచ్చి, చుట్టూ వరండా దించి ఇల్లు చేసుకున్నారు. లెయిండన్, పిట్సీ, డంటన్, కాన్వీ దీవి, జేవిక్, ససెక్స్ తీరాన షోరమ్, పీస్‌హావెన్ ఇలా మొలిచినవే. వీటికి వచ్చిన పేరు ప్లాట్‌లాండ్స్. వీటి కథనంతా డెన్నిస్ హార్డీ, కాలిన్ వార్డ్ 1984లో ‘ఆర్కేడియా ఫర్ ఆల్’ అనే పుస్తకంగా రాశారు.

యుద్ధంలో లండన్ మీద బాంబులు పడ్డప్పుడు, ఆదివారం గుడిసెలే చాలామందికి శాశ్వతమైన ఇళ్ళయ్యాయి. యుద్ధం ముగిసేనాటికి ఒక్క లెయిండన్, పిట్సీ ప్రాంతంలోనే దాదాపు 25,000 మంది ఉన్నారు. చాలాచోట్ల గడ్డిబాటలే రోడ్లు. మురుగుకాలవల్లేవు. నీళ్ళు వీధి కుళాయి నుంచి మోసుకోవాలి.

చదువుకున్న పెద్దమనుషులకు ఇది కంటగింపయింది. పల్లెసీమల రక్షణ కోసం 1926లో ఒక మండలి ఏర్పడింది. 1928లో ఆర్కిటెక్ట్ క్లఫ్ విలియమ్స్-ఎలిస్, ఊళ్ళు ఇంగ్లండును ఆక్టోపస్‌లా చుట్టుకుంటున్నాయని ఏకంగా పుస్తకమే రాశాడు. వాళ్ళ కోపంలో అందం గురించిన బాధ ఎంతో, ఎవరు పడితే వాళ్ళు ఇల్లు కట్టేసుకుంటున్నారన్న చిరాకూ అంతే ఉందనిపిస్తుంది. అలాగని భయాలన్నీ ఉత్తవి కావు. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పొంగినప్పుడు కాన్వీ దీవిలో దాదాపు 60 మంది, జేవిక్‌లో 30 మందికి పైగా చనిపోయారు. పల్లపు నేలలో, పల్చటి గోడల మధ్య నిద్రపోతున్నవాళ్ళు వాళ్ళు. నియమాలు వద్దనే వాదన ఈ సంగతిని దాటవేయడానికి వీల్లేదు.

లేబర్ ప్రభుత్వం 1947లో తెచ్చిన పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం ఈ తగాదాకు ఒక ముగింపు పలికింది. మంత్రి లూయిస్ సిల్కిన్. భూమి ఎవరిదైనా, దానిమీద కొత్తగా కట్టే హక్కు మాత్రం ఇకనుంచి ప్రజలది; అనుమతి ఇస్తేనే కట్టాలి. అది అమల్లోకి వచ్చిన రోజే 1948 జూలై 1. మరుసటి ఏడాదే లెయిండన్, పిట్సీలను కలిపి బాజిల్డన్ అనే కొత్త పట్నం కట్టడానికి నిర్ణయమైంది. గుడిసెలనూ వాటి తోటలనూ నిర్బంధంగా కొని, ఒక్కొక్కటే పడగొట్టుకుంటూ వచ్చారు.

అయితే కోళ్ళగూటికీ సైకిలు షెడ్డుకీ కూడా అర్జీ పెట్టమంటే ఏ ప్రభుత్వమూ నిలవదు కదా. అందుకని చట్టం ఒక కిటికీ తెరిచి ఉంచింది. ఇంటి అనుభవానికి ‘అనుబంధంగా’ పెరట్లో ఏం చేసుకున్నా అది అభివృద్ధి కిందికి రాదంది. తర్వాతి కథంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

అనుబంధం అంటే ఏమిటి? పనిముట్లు దాచుకోవచ్చు. బొమ్మలు వేసుకోవచ్చు. రాసుకోవచ్చు. ఆంగ్ల సాహిత్యంలో కొంత భాగం ఇలాంటి గదుల్లో పుట్టిందే. అయట్ సెయింట్ లారెన్స్‌లో బెర్నార్డ్ షా గుడిసె ఎండ ఎటుంటే అటు తిప్పుకునేలా ఉంటుంది. దానికి ‘లండన్’ అని పేరు పెట్టుకున్నాడట, ఎవరైనా వస్తే అయ్యగారు లండన్‌లో ఉన్నారని పనివాళ్ళు అబద్ధమాడకుండానే చెప్పడానికి. వర్జీనియా వుల్ఫ్‌కి రాడ్‌మెల్ తోటలో ఒక గది, రోల్డ్ డాల్‌కి గ్రేట్ మిసెండెన్‌లో ఒకటి. చట్టం దృష్టిలో ఇవన్నీ ముచ్చటలే. రాసుకోండి, చదువుకోండి, కునుకు తీసినా ఎవరూ అడగరు. అదే గదిలో మంచం వేసి, పొయ్యి పెట్టి, ఒక మనిషి కాపురం ఉంటే మాత్రం అది ఇంకో ఇల్లు.

ఇప్పటి కొలతలు ఇంగ్లండు వరకూ చెబుతాను (స్కాట్లండు, వేల్స్ నియమాలు వేరు). ఒకే అంతస్తు. చూరు ఎత్తు రెండున్నర మీటర్లు మించకూడదు. రెండువైపులా వాలే కప్పయితే మొత్తం ఎత్తు నాలుగు మీటర్లు, లేకుంటే మూడు. సరిహద్దుకు రెండు మీటర్ల లోపల కడితే కప్పుతో కలిపి రెండున్నరే. ఇంటి ముందువైపు కట్టకూడదు. నిర్మాణ భద్రతా నియమాలు మళ్ళీ వేరు. 15 చదరపు మీటర్ల లోపు గదిని వాటినుంచి మినహాయించారు, లోపల పడక లేకపోతేనే. లెక్క ఎక్కడ మొదలైనా చివరికి తేలేది పడక దగ్గరే.

కొలతలు చెప్పినంత తేలిగ్గా మనుషుల బతుకును చెప్పలేం కాబట్టి తగవులు కోర్టులకెక్కాయి. ఒకావిడ సరదా కోసం ఇంట్లో 44 కుక్కల్ని పెంచితే, ఇది ఇంటి అనుభవానికి అనుబంధం కాదని 1990లో అప్పీలు కోర్టు తేల్చింది. ఇంకో కేసులో, ఇంటి పక్కన ముసలివాళ్ళ కోసం వేసిన వాటాలో వంటగదీ స్నానాలగదీ ఉన్నంత మాత్రాన అది వేరే ఇల్లయిపోదని, ఎవరు ఎలా బతుకుతున్నారో చూడాలని కోర్టు చెప్పింది. అక్కణ్ణుంచి ‘గ్రానీ అనెక్స్’ అనే మాటకు బలం వచ్చింది. దొడ్డిదారి ఇంకోటుంది. 1968 నాటి చట్టం ప్రకారం రెండు ముక్కలుగా తెచ్చి బిగించి, ఉన్నపళంగా రోడ్డుమీద తరలించగలిగేది ఏదైనా కారవానే. దాని నిడివి ఇప్పుడు 20 మీటర్ల దాకా ఉండవచ్చు. చూడ్డానికి ఇల్లే, చట్టానికి మాత్రం బండి.

దాచిపెట్టినవాళ్ళూ ఉన్నారు. సర్రీలో ఒక రైతు గడ్డిమోపుల వెనకాల కోటలాంటి ఇల్లు కట్టుకుని, నాలుగేళ్ళు గడిస్తే కదిలించకూడదన్న నియమం మీద ఆశపెట్టుకున్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. 2016లో దాన్ని కూల్చేయాల్సి వచ్చింది. ఆ నాలుగేళ్ళ గడువు కూడా 2024 ఏప్రిల్ నుంచి పదేళ్ళయింది.

గదిలో పడుకుంటున్నది ఎవరన్నదాన్ని బట్టి దాన్ని చూసే కన్ను మారిపోతుంది. 2012 ప్రాంతంలో పశ్చిమ, తూర్పు లండన్ పెరళ్ళలో అద్దెకిచ్చిన షెడ్ల గురించి గగ్గోలు మొదలైంది. ‘బెడ్స్ ఇన్ షెడ్స్’ అన్నారు. సౌతాల్, న్యూహామ్, స్లౌ. 2013లో స్లౌ మున్సిపాలిటీ వేడిని పసిగట్టే కెమెరాతో విమానం తిప్పించింది, పెరట్లో ఏ కప్పు కింద మనిషి వెచ్చదనం ఉందో చూడటానికి. ఆ షెడ్లలో కొన్ని నిజంగా ఘోరమైనవే. తడిగోడలు, వేలాడే కరెంటు తీగలు, నిప్పంటుకుంటే బయటపడే దారి ఉండదు. డబ్బు చేసుకున్నది ఇంటి యజమాని. కానీ షెడ్డు మూయించిన రాత్రి రోడ్డున పడేది కిరాయికున్నవాడు. ఊరిగురించీ భాషగురించీ ఇంకా తెలియని విద్యార్థో, కూలీయో.

మనవాళ్ళకూ ఈ సంగతి దూరమైంది కాదు. స్లౌ, హౌన్స్‌లో, ఈస్ట్‌హామ్ వైపు స్థిరపడిన తెలుగిళ్ళకు అమ్మానాన్నలు ఆరునెలల వీసా మీద వస్తారు. మూడు పడగ్గదుల ఇంట్లో పిల్లలకు చోటు పోగా మిగిలేది ఏమీ ఉండదు. పెరట్లో హీటరూ దుప్పటీ పెట్టి ఒక గది వేస్తే నాన్నగారికి మోకాళ్ళకు మెట్ల బాధ తప్పుతుంది. అనుమతి అడగకుండా వేసిన గదిలో ఆయన పగలు పేపరు చదువుకుంటే పేచీ లేదు. రాత్రి అక్కడే పడుకోవడం మొదలయ్యాకే ప్రశ్న పుడుతుంది. పొయ్యీ బాత్‌రూమూ చేర్చి విడి వాటాగా చేస్తే పన్నులవాళ్ళు దాన్ని వేరే ఇల్లుగా లెక్కగట్టవచ్చు, కుటుంబసభ్యులే ఉంటే 2014 నుంచి సగం తగ్గింపు ఇస్తున్నారు. అంటే పన్ను దగ్గరకొచ్చేసరికి ఇల్లు, అనుమతి దగ్గరకొచ్చేసరికి ఇల్లు కాకూడనిది.

నియమం ఉండాలి. వరదా, నిప్పూ, మురుగూ ఎవరినీ ఉపేక్షించవు. అయితే గోడ గట్టిగా ఉందా, బయటికి దారుందా అని అడిగే నియమం ఒకటి. ఇక్కడ నువ్వెందుకున్నావు అని అడిగే నియమం ఇంకొకటి. ఆచరణలో ఈ రెండూ తరచూ కలిసిపోతాయి. వాటిని విడదీసి చూడటం అంత తేలిక కాదు.

డంటన్ దగ్గర ఇప్పుడు ప్రకృతి సంరక్షణకు వదిలిన అడవిలాంటి చోటుంది. పడగొట్టిన గుడిసెల తోటల్లోని పళ్ళచెట్లు అక్కడ తమంతట తాము కాస్తున్నాయి. 1930లలో ఒక కుటుంబం కట్టుకున్న ‘ది హావెన్’ అనే చిన్న ఇంటిని మాత్రం మ్యూజియంగా నిలిపారు. లోపల మంచం వేసే ఉంది, దుప్పటితో సహా.